ప్రీ-వర్కౌట్ డబ్బా ఎంచుకోవడంలో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో ఆఫీసు ముగించుకుని జిమ్ముకి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అప్పటికి ఒంట్లో ఓపిక ఉండదు. అందుకే ప్రీ-వర్కౌట్, అంటే వ్యాయామానికి ముందు ఓపిక కోసం నీళ్లలో కలుపుకుని తాగే పౌడర్, ఏదైనా వాడదామని షాపుకి వెళ్తే, అరల నిండా డబ్బాలే. ఫార్మసీ చదివిన మా పిన్ని కొడుక్కి లేబుళ్ల ఫొటోలు పంపాను. "ముందువైపు వదిలెయ్ అన్నయ్యా, వెనక గ్రాములు చూడు" అన్నాడు.

అలా చూస్తే చాలావాటి మీద 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని ఉంది. పదార్థాల పేర్లు వరసగా ఇచ్చి, అన్నీ కలిపి ఎంతో మాత్రమే వేస్తారు. ఏది ఎంతుందో తెలీదు. ఈ పౌడర్లలో కండరాలకి రక్తప్రసరణ పెంచుతుందని వేసే సిట్రులిన్ మాలేట్ మీద పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 6 నుంచి 8 గ్రాములు. బ్లెండ్ మొత్తమే 5 గ్రాములైతే ఆ మోతాదు అందులో ఎలా పడుతుంది? కొనేవాళ్లకి లెక్క దొరకకుండా చెయ్యడం అన్యాయం. అలాంటివన్నీ పక్కన పెట్టేశాను.

ఎక్కువ ఆలోచించింది కెఫీన్ గురించే. వ్యాయామానికి పనికొచ్చే మోతాదు కిలో బరువుకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు. నా బరువు 70 కిలోలు కాబట్టి 210 చాలు. కొన్ని డబ్బాల్లో ఒక్క స్కూపులోనే 300 ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా రోజంతా కలిపి 400 దాటకపోవడం మంచిదంటారు. పొద్దున తాగే ఫిల్టర్ కాఫీ, సాయంత్రం టీ ఈ లెక్కలోకే వస్తాయి. పైగా తీసుకున్న కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదికి తాగితే ఒంటిగంటకి కూడా సగం మిగిలే ఉంటుంది. ఇక నిద్రేం పడుతుంది? బీపీ, గుండె దడ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

"ఒళ్లు చిమచిమలాడితే పౌడర్ పనిచేస్తున్నట్టే అన్నా" అని షాపు కుర్రాడు చెప్పాడు. అది ఈ పౌడర్లలో ఉండే బీటా-అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల చర్మంలోని నరాలకి కలిగే స్పర్శ, అంతే. దాని అసలు పని కండరాల్లో అలసటని ఆలస్యం చేసే కార్నోసిన్ అనే పదార్థాన్ని పెంచడం. అందుకు రోజూ 3.2 నుంచి 6.4 గ్రాముల చొప్పున కొన్ని వారాలు వాడాలి. ఆ రోజు ఒక స్కూపు వేసుకుంటే ఆ రోజే బలం రాదు.

డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూశాను. డీఎంఏఏ (ఒక ఉత్ప్రేరకం) అని గానీ, దానికే మరో పేరుగా వేసే జెరేనియం ఎక్స్‌ట్రాక్ట్ అని గానీ ఉంటే కొనకండి. ఆటల పోటీల్లో డీఎంఏఏ నిషిద్ధం.

చివరికి ఏ ప్రీ-వర్కౌటూ కొనలేదు. విడిగా కండరాల శక్తికి తోడ్పడే క్రియాటిన్ మోనోహైడ్రేట్ పౌడర్ తీసుకున్నాను. వీటన్నిటిలో గట్టి ఆధారాలున్నవాటిలో అదొకటి. రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు, జిమ్ముకి ముందే తాగాలన్న నియమం లేదు. నేను పొద్దున టిఫిన్ తర్వాత నీళ్లలో కలుపుకుంటాను. శనివారం పొద్దున జిమ్ముకైతే ముందు ఒక కాఫీ. క్రియాటిన్ వాడేవాళ్లకి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే కొలత) కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆఫీసు హెల్త్ చెకప్‌లో డాక్టర్‌కి ఆ విషయం ముందే చెబుతున్నాను.