సరుగుడు చెట్ల కింద సెగా

మారిషస్‌లో కాస్త పెద్ద హోటల్లో దిగితే రాత్రి భోజనాల వేళ సెగా అనే ఇక్కడి పాటా, ఆటా కలిసిన షో పెడతారు. పూల పరికిణీల అమ్మాయిలు, మైకులో పాట, చుట్టూ ఫోన్లు పట్టుకున్న టూరిస్టులు. హనీమూన్‌కి వచ్చే మనవాళ్ళు అదే సెగా అనుకుని వెళ్ళిపోతారు. షో బాగానే ఉంటుంది, కాదనను. కానీ నన్నడిగితే ఆదివారం మధ్యాహ్నం ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ బీచికి పొమ్మంటాను.

మాది విజయనగరం. మారిషస్‌లోని ఎబెన్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంటాను. ఇక్కడ ఆదివారం వస్తే చుట్టపక్కాలంతా కలిసి చందాలేసుకుని, బస్సు మాట్లాడుకుని సముద్రానికి బయల్దేరతారు. ముసలమ్మల నుంచి చంటిపిల్లల దాకా ఎవర్నీ ఇంట్లో వదలరు. బిర్యానీ గిన్నెలు, ఐస్‌బాక్సుల నిండా బీర్లు, కూల్‌డ్రింకులు. ఇసుక వెనకాల వరసగా సరుగుడు తోపు, అచ్చం మన భీమిలి దారిలో చూసినట్టే. వాటి నీడలో చాపలు పరుస్తారు. తిండి కాస్త అరిగాక ఎవరో ఒకరు రవాన్ బయటికి తీస్తారు.

రవాన్ అంటే వెడల్పాటి చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం. పుల్లలతో కాదు, మోకాలి మీద నిలబెట్టుకుని చేతులతో వాయిస్తారు. సముద్రపు తేమకి తోలు మెత్తబడిపోతుంది కదా, అందుకని ముందు కాయాలి. ఎండు సరుగుడు ఆకు కుప్పేసి అంటించి, మంట మీద తోలు తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు వాయించేవాడు. మా వీధిలో డప్పు కాచడం చూస్తూ పెరిగినవాణ్ణి, మొదటిసారి ఇది చూసి అక్కడే కూలబడిపోయాను. ఇప్పుడు కాయక్కర్లేని సింథటిక్ తోలువి కూడా వచ్చాయి. సుఖమే, కానీ ఆ మంట చుట్టూ జనం మూగడం పోయింది. తోడుగా మరవాన్ ఉంటుంది, చెరకు పుల్లలతో అల్లిన పల్చటి పెట్టెలో గింజలు పోసి అటూ ఇటూ ఊపుతారు. ఇంకోటి ఇనప ట్రయాంగిల్. ఏదీ లేకపోతే ఐస్‌బాక్సు మూత, సీసా మీద చెంచా చాలు.

ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. చాలాసార్లు అక్కడున్న వాళ్ళనే ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు కట్టే పాటలే. ఆడేటప్పుడు పాదం ఇసుక వదలదు, జరుగుతుందంతే. పనంతా నడుముదే. బానిసల కాళ్ళకు గొలుసులుండేవి, అందుకే ఇలా వచ్చిందని గైడ్లు చెప్తుంటారు. మెత్తటి ఇసుకలో రెండు నిమిషాలు ఆడి చూస్తే గొలుసు లేకపోయినా కాలు లేవదని నా అనుభవం.

కాకపోతే ఈ పాట పుట్టింది బానిసల దగ్గరే. ఫ్రెంచివాళ్ళు మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన జనం పాట ఇది. 1835లో బానిసత్వం రద్దయినా సెగాకి మర్యాద రాలేదు, పెద్దమనుషుల ఇళ్ళల్లో దీన్ని చాలాకాలం గుమ్మం దాటనివ్వలేదు. 1964లో ల మోర్న్ అనే కొండ దగ్గర జరిగిన సెగా రాత్రిలో తి ఫ్రేర్ అనే ముసలాయనకి సెగా రాజుగా కిరీటం పెట్టారు. గిటార్లు తగిలించి రికార్డుల్లోకి, రేడియోలోకి తీసుకెళ్ళిన సెర్జ్ లెబ్రాస్ లాంటివాళ్ళూ ఆ రోజుల వాళ్ళే. 2014లో సెగా యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

ఇక కాయా అనే గాయకుడి సంగతి చెప్పకపోతే తప్పు. అసలు పేరు జోసెఫ్ రెజినాల్డ్ తోపీజ్, పోర్ట్ లూయిస్ శివార్లలో రోష్ బ్వా అనే పేదల పేటవాడు. సెగాలో జమైకా వాళ్ళ రెగ్గే సంగీతం కలిపి సెగ్గే అన్నాడు. 1999 ఫిబ్రవరిలో, గంజాయి తాగడం నేరం కాకూడదంటూ పెట్టిన సభలో తాగాడని పట్టుకెళ్ళారు. 21న పోలీసు కస్టడీలోనే చనిపోయాడు. దేశం రోజుల తరబడి అట్టుడికిపోయింది. ఆ గొడవల్లోనే బెర్జే అగాత్ అనే మరో గాయకుణ్ణి పోలీసులు కాల్చేశారు. ఇప్పటికీ మా ఆఫీసులో ఎవరైనా కాయా పాట పెడితే నా వయసు వాళ్ళు పని ఆపేస్తారు. కుర్రాళ్ళు మాత్రం తలాడిస్తూ టైపు చేసుకుంటూనే ఉంటారు.

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనూ సెగానే. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖ రేవుల నుంచి చెరకు తోటలకి వచ్చినవాళ్ళ మునిమనవలు వీళ్ళు. ఉగాదికి ఇక్కడ దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన చేస్తారు, ఇంట్లో మాత్రం ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష క్రియోల్. పోయిన నెల ఎదురింటివాళ్ళ పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. భోజనాలయ్యాక డీజే తెలుగు సినిమా మాస్ పాట ఒకటి వేశాడు. నాకు పూనకం వచ్చినట్టు లేచి మనూరి స్టెప్పులు మొదలుపెట్టాను. చుట్టూ చూస్తే అందరూ అదే పాటకి పాదాలు జరుపుతూ, నడుములు ఊపుతూ సెగా ఆడుతున్నారు. పెళ్ళికూతురి నానమ్మ నా దగ్గరికొచ్చి, తెలుగు ముక్కలు రెండు, క్రియోల్ ముక్కలు నాలుగు కలిపి, "ఎందుకయ్యా అంత ఎగురుతావ్, నేలేమన్నా కాలుతోందా?" అంది.