పాత పార్కులో కొత్త మొక్కలకన్నా ముందు చూడాల్సినవి

వానలు మొదలైతే చాలు, ఒడిశాలో మన తెలుగువాళ్లున్న బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా పార్కుల్లో మొక్కలు నాటే సందడే. ఫొటోలు అయ్యాక మిగతా సంగతి మేకలు చూసుకుంటాయి. నాటొద్దని కాదు. కానీ పాత పార్కుకి అసలు ఆస్తి దాని ముసలి చెట్లు. వీధిలో పదిమంది ఆదివారం పొద్దున్న రెండు గంటలు ఇవ్వగలిగితే, ముందు వాటికే ఇవ్వాలి.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. అక్టోబరు వచ్చేసరికి వానలన్నీ తాగి నేల మెత్తబడి ఉంటుంది, వేరుకి పట్టు తక్కువ. పైన దట్టమైన కొమ్మలు, కింద సిమెంటు బిగించిన మొదలు. గాలికి ఇంకేం కావాలి? గుల్‌మొహర్ వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మ కూడా పెళుసు. చింత, పొగడ నిలదొక్కుకుంటాయి.

అందుకే మొదటి పని సిమెంటు. కూర్చోడానికని చెట్టు చుట్టూ అరుగు కట్టి, లోపల మట్టి నింపేస్తారు. మాను అడుగున వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు బయటికి కనబడాలి. అది పూడిపోతే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది, పైకి మాత్రం చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమంది. పెద్ద చెట్టుకి ఆ మీటరు కనీసం మాత్రమే. బయటి అంచు నుంచి లోపలికి ఉలి, చిన్న సుత్తితో ముక్కలు తియ్యండి. గునపం వెయ్యొద్దు, వేరు చీలుతుంది. నీళ్లు పీల్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి కాబట్టి పారతో లోతుగా తవ్వడమూ తప్పే. చేతి ముల్లుపారతో కదిపి, రెండంగుళాల ఆకుఎరువు పరచండి. అది బెరడుకి జానెడు దూరంలో ఆగిపోవాలి.

రెండోది ఎండుకొమ్మలు. ఎండు కొమ్మని ఎప్పుడైనా తియ్యొచ్చు. పచ్చి కొమ్మని మాత్రం మే నెలాఖరులోగానే కొయ్యాలి, వానల్లో కోసిన గాయానికి బూజు పట్టేస్తుంది. ఒకే కోతలో పైనుంచి కోస్తే కొమ్మ తన బరువుకి విరిగి, మాను బెరడుని చీల్చుకుంటూ దిగుతుంది. కోత మూడుసార్లు వెయ్యాలి. మానుకి అడుగు దూరంలో కొమ్మ కిందనుంచి మూడోవంతు మందం వరకు మొదటిది. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి రెండోది, దీనితో బరువంతా రాలిపోతుంది. మిగిలిన మోడుని, మానులో కలిసే చోట ఉబ్బుగా కనిపించే పట్టీకి కొంచెం బయట కోసేది మూడోది. ఆ పట్టీ చెట్టు గాయం మాన్పుకునే చోటు. నున్నగా కనబడాలని దాన్ని కూడా చెక్కేస్తే గాయం మూసుకోదు, మోడు పొడుగ్గా వదిలేస్తే అదీ కుళ్లి లోపలికి దారి ఇస్తుంది. మణికట్టుకన్నా లావు కొమ్మ, చేయెత్తితే అందని కొమ్మ, కరెంటు తీగ దగ్గరది కార్పొరేషన్ మనుషుల పని. నిచ్చెనెక్కి హీరోయిజం వద్దు.

కోత సరిగ్గా ఉంటే గాయానికి మందు పూత అక్కర్లేదనేవాళ్లున్నారు. పొడినేలల్లో అది సరే, మన సముద్రపు తేమకి బోర్డో పేస్టు అనే బూజుమందు పూస్తేనే నయం. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అయిదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం మరో అయిదు లీటర్లలో విడివిడిగా కలిపి, రెండూ ఒకేసారి మూడో ప్లాస్టిక్ బకెట్లో పొయ్యాలి. ఇనుప బకెట్ వాడితే మందు చెడుతుంది. శుభ్రమైన ఇనుప కత్తి ముంచి చూడండి. ఎర్రగా రాగి అంటితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపండి. నిలవ ఉంచితే పనిచెయ్యదు, ఆరోజుకారోజే. గాయానికి సిమెంటు మెత్తడం మాత్రం మానెయ్యాలి, లోపల తడి చిక్కి తొర్ర పెరుగుతుంది.

బదనిక (కొమ్మకి పట్టుకుని దాని రసం పీల్చే మొక్క) కనిపిస్తే పండు పండకముందే, అది పట్టిన చోటుకి అడుగు లోపలికి కొమ్మ కోసెయ్యండి. పైపైన ఆకు దులిపితే మళ్లీ మొలుస్తుంది. పిట్టలు ఆ గింజని ఇంకో కొమ్మకి అంటిస్తాయి.

రాలిన ఆకు కాల్చొద్దు, ఎరువు చెయ్యండి. ఎండాకాలంలో మూడడుగుల గుంట చాలు. వానల్లో గుంట నిండి ఆకు ఊపిరాడక కంపు కొడుతుంది, అప్పుడు నాలుగడుగుల ఇనుపజాలీ చుట్టి నేలమీదే పోగెయ్యాలి. నాలుగు తట్టల ఆకుకి ఒక తట్ట పచ్చిపేడ, నీళ్లలో కలిపి చల్లాలి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. పిడికిట పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నాలుగు నెలలకి ఎరువు. రావి ఆకు ఇంకా ఆలస్యం చేస్తుంది. గుట్కా పొట్లాలు, చిప్స్ కవర్లు ఊడ్చేటప్పుడే ఏరాలి. ఎరువయ్యాక ఏరడం నరకం.

ఇక దీపాలు. ఒడియావాళ్ల కార్తీకం మనకన్నా పక్షం ముందు మొదలవుతుంది, మనది వాళ్ల తర్వాత పక్షం దాకా నడుస్తుంది. అంటే రావిచెట్టు మొదట్లో నెలన్నర పాటు మంట, నూనె. బెరడు కింద సన్నటి ప్రాణమున్న పొర ఆ వేడికి చస్తుంది. వద్దంటే ఎవరూ వినరు, అననూ అక్కర్లేదు. మూడడుగుల దూరంలో రాతిపలక వేసి, పూజారిగారి చేతే మొదటి దీపం అక్కడ పెట్టించండి, మిగతావాళ్లు అక్కడే పెడతారు. బోర్డు రాస్తే ఒడియా, తెలుగు రెండూ ఉండాలి. ఆ బోర్డుని మేకులతో చెట్టుకి కొట్టకండి.

వీటన్నిటికీ ముందు కార్పొరేషన్ నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. ఏ చెట్టుకి ఏం చెయ్యబోతున్నారో ఒక కాగితం మీద గీసి జతచెయ్యండి. పార్కు మాలిగారిని మొదటిరోజే కూర్చోబెట్టి అడగండి. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ కొమ్మ కిందటేడు విరిగిందో ఆయనకే తెలుసు. ఆయన సెలవులో ఉన్నప్పుడు మాత్రం రంపం ముట్టుకోవద్దు.