మెదడు, కండరం: కొత్త పరిశోధకులకు మొదట నేర్పవలసింది

మెదడు, కండరాల జీవక్రియల మీద పరిశోధన చేయాలని ఒడిశాలోని బరంపురం వచ్చే పిల్లల్లో పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం వైపు తెలుగు ఇళ్ళ వాళ్ళు ఏటా కొందరుంటారు. ఎమ్మెస్సీ చదివి, నెట్ పరీక్ష గట్టెక్కి వచ్చిన వీళ్ళకు, కణం ఇంధనం నుంచి శక్తి తీసే సిట్రిక్ ఆమ్ల చక్రం కంఠస్థం, ఏ యంత్రం ఏం కొలుస్తుందో కూడా చాలావరకు తెలుసు. తెలియనిదల్లా, యంత్రం చూపించే అంకెకూ, కణజాలం బతికి ఉన్నప్పుడు అందులో నిజంగా ఉన్న పరిమాణానికీ మధ్య ఎంత తేడా రాగలదన్నది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో నేర్పకుండా వాళ్ళను ఖరీదైన పరికరాల దగ్గర కూర్చోబెట్టకూడదని బోధనలో ఉన్న నా గట్టి అభిప్రాయం.

ఇంకొక అభిప్రాయం కూడా ఉంది. మెదడు చదివేవాళ్ళు ఒక గదిలో, కండరం చదివేవాళ్ళు మరో గదిలో ఉండే పద్ధతి మొదటి ఏడాదిలో అసలు పనికిరాదు. శరీరం బరువులో రెండు శాతమే ఉండే మెదడు, మనిషి ఊరికే కూర్చున్నప్పుడు కూడా మొత్తం శక్తిలో ఇంచుమించు ఐదో వంతు వాడుకుంటుంది. అయినా దానికి చెప్పుకోదగ్గ సొంత నిల్వ లేదు. కండరాల్లో గ్లూకోజ్ నిల్వ రూపమైన గ్లైకోజెన్ కొన్ని వందల గ్రాములు ఉంటుంది గానీ, దాన్ని గ్లూకోజ్‌గా మార్చి నేరుగా రక్తంలోకి వదిలే ఎంజైము కండరానికి లేదు. వ్యాయామంలో కండరం లాక్టేట్‌ను, అంటే లాక్టిక్ ఆమ్లపు రూపాన్ని, వదులుతుంది, దాన్ని కాలేయం మళ్ళీ గ్లూకోజ్ చేస్తుంది. ఈ చక్రాన్ని వివరించిన కోరి దంపతులకు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. కొంత లాక్టేట్‌ను గుండె, మెదడు నేరుగానే ఇంధనంగా వాడుకుంటాయి. ఉపవాసం రోజులు గడిచేకొద్దీ కండరం అమైనో ఆమ్లాలను వదులుకోవలసి వస్తుంది, మెదడు కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్ల వైపు మళ్ళి ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. దీర్ఘ ఉపవాసంలో మెదడు శక్తిలో సగానికి పైగా కీటోన్ల నుంచే వస్తుందని జార్జ్ కేహిల్ బృందం 1967లో చూపించింది. ఒకదాని లెక్క రాయకుండా రెండోదాని లెక్క తేలదు.

కొలత మీద అనుమానం ఎలా పెట్టుకోవాలో నేర్పడానికి నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి పనినే ఎంచుకుంటాను. మనవాడన్న అభిమానం కొంత ఉన్నమాట నిజమే, కానీ ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆయన, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం రంగు అంత చిక్కగా వస్తుంది. ఆ పద్ధతినే కండర ద్రావణానికి వాడినప్పుడు రంగు వెంటనే నిలవకుండా, నిమిషాల కొద్దీ పెరుగుతూ పోయింది. మామూలుగా అయితే కాసేపు ఆగి, రంగు పెరగడం ఆగిపోయాక చివరి అంకె రాసుకుంటారు. వాళ్ళిద్దరూ ఆ ఆలస్యానికే కారణం వెతికారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే ఒక పదార్థం అందులో ఉందనీ, అది క్రియాటిన్‌తో కలిసిన ఫాస్ఫేట్, అంటే ఫాస్ఫోక్రియాటిన్ అనీ 1927లో తేల్చారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో అలాంటి పదార్థాన్ని గుర్తించారు. కండరంలో విడి ఫాస్ఫేట్ ఎక్కువని అంతకుముందు అనుకున్నదంతా, కొలిచే చేతుల్లోనే విడిపోయిన ఫాస్ఫోక్రియాటిన్ వల్ల వచ్చిన పొరపాటు. 1929లో, కణాల్లో శక్తిని అందించే ఏటీపీని కూడా ఫిస్క్, సుబ్బారావులు వేరు చేశారు. జర్మనీలో లోమన్ అదే ఏడాది విడిగా దాన్ని కనిపెట్టాడు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నమ్మకం, 1922 నోబెల్ గౌరవం పొందిన కండర పరిశోధనల వెనుక ఉన్న ఆ నమ్మకం, 1930లో లుండ్స్‌గార్డ్ ప్రయోగంతో కూలిపోయింది: లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంది.

ఈ కథ చెప్పకముందే పిల్లలతో ప్రయోగం చేయిస్తాను. ఒక గొట్టంలో మామూలు ఫాస్ఫేట్, ఇంకొక దాంట్లో ఫాస్ఫోక్రియాటిన్, మూడో దాంట్లో గోపాల్‌పూర్ నుంచి బజారుకు వచ్చిన చేప కండ నుంచి తీసిన ద్రావణం ఉంటాయి. ఏది ఏదో చెప్పను. నిమిషానికొకసారి రంగు రాయమంటే, మొదటిసారి చాలామంది చివరి అంకె ఒక్కటే రాసి తీసుకొస్తారు. రెండోసారి అన్నీ రాస్తారు, అప్పుడు అసలు ప్రశ్న పుడుతుంది: చేప కండరం కదా, మరి దాని రంగు మామూలు ఫాస్ఫేట్‌లాగే ఎందుకు వచ్చింది? చేప చచ్చి బజారు చేరేసరికి ఫాస్ఫోక్రియాటిన్ మిగలదు గనుక. కణజాలాన్ని ఎప్పుడు, ఎలా తీశారో ల్యాబ్ పుస్తకంలో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదన్న మాటను ఆ తర్వాత నేను విడిగా చెప్పవలసిన పని ఉండదు.

మెదడు విషయంలో తొందర ఇంకా ఎక్కువ. రక్తం ఆగిన క్షణాల్లోనే ఫాస్ఫోక్రియాటిన్ పడిపోతుంది, లాక్టేట్ ఎక్కుతుంది. అందుకే జంతువుల మీద పనిచేసేవాళ్ళు ఎంజైములను అక్కడికక్కడే ఆపడానికి మైక్రోవేవ్ కిరణాలను వాడే పద్ధతి తెచ్చారు. బతికున్న మనిషి మెదడులో అయితే అయస్కాంత అనునాద (ఎమ్మారై తరహా) పద్ధతితో ఫాస్ఫరస్ సంకేతాన్నే చూస్తారు. ఇలాంటి సౌకర్యాలు అన్నిచోట్లా ఉండవు. మాకు ఉన్నవి మా గంజాం జిల్లా ఎండ, ఆవిరైపోయే ద్రవ నైట్రోజన్, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఈ ప్రాంతం చీకట్లో ఎలా ఉందో చూసినవాళ్ళెవరూ మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరును శాశ్వతమని నమ్మరు. ఏ నమూనా ఏ అరలో ఉంది, కరెంటు పోతే ముందు దేన్ని కాపాడాలి అన్న జాబితా తయారు చేయడం కూడా శిక్షణలో భాగమే.

తేలని వాదాలను తేలనివిగానే చెప్పాలి. మెదడులో నాడీకణాలకు తోడుగా ఉండే ఆస్ట్రోసైట్లనే కణాలు లాక్టేట్ తయారుచేసి నాడీకణాలకు అందిస్తాయని 1994లో పెల్లెరిన్, మాజిస్ట్రెట్టి ప్రతిపాదించారు. దాని మీద ఇప్పటికీ తగవు నడుస్తోంది. ఇద్దరు విద్యార్థులకు చెరొక పక్షం ఇచ్చి, వారం తర్వాత పక్షాలు మార్చమంటాను. "సార్ ఏమంటారు?" అని అడిగితే జవాబు చెప్పను.

మనుషుల మీద చేసే పనికి ఈ జిల్లాలు మంచి చోటు. 1962లో మొదలైన వైద్య కళాశాల, 2016లో వచ్చిన విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ బరంపురంలోనే ఉన్నాయి. మన వాళ్ళ కండరం ఎంత, కొవ్వు ఎంత అన్నది పరాయి దేశాల పట్టికల నుంచి తీసుకోవలసిన విషయం కాదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్‌లోని యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనే లాన్సెట్‌లో ప్రచురించారు: ఇద్దరికీ బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచిక) 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భోజనం తర్వాత ఇన్సులిన్ ప్రభావంతో గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండరానికే చేరుతుంది గనుక, కండరం తక్కువైన ఒంటి లెక్క వేరుగా ఉంటుంది. సూరత్ మగ్గాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఊరికి తిరిగి వచ్చిన గంజాం కార్మికుల కండరబలం, గ్లూకోజ్ స్థాయి, జ్ఞాపకశక్తి కలిపి చూడాలన్న ప్రశ్నకు పెద్ద యంత్రం అక్కరలేదు. పట్టు బలం కొలిచే సాధనం, గ్లూకోమీటరు, ఓపిక చాలు.

ఓపిక ఎక్కువగా కావలసింది సమ్మతి దగ్గర. ఉపవాసంతో రావాలని, రక్తం తీస్తామని, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చని ఆ మనిషికి అర్థమయ్యే తెలుగులోనో ఒడియాలోనో చెప్పాలి. పిల్లలు ముందు వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి, వాళ్ళు తిరిగి తమ మాటల్లో ఏం చెప్పారో రాసుకురావాలని నా నియమం. ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మ, "అయితే ఇది మందు కాదన్నమాట, నాకేమీ తగ్గదు" అన్నదట. ఆ వాక్యాన్నే మా సమ్మతి పత్రంలో మొదటి వరుసగా పెట్టుకున్నాం.