కటింగ్ కుర్చీలో బీపీ

నిన్న సాయంత్రం మా కొలీగ్ పిలిస్తే ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో వాళ్ల చర్చి హాల్‌కి వెళ్లాను. నల్లజాతివాళ్ల ఆరోగ్యం కోసం పనిచేసినవాళ్లకు సన్మానం అంటే అందరూ డాక్టర్లే ఉంటారనుకున్నా, తీరా స్టేజీ మీదకి మొదట పిలిచింది ఒక బార్బర్‌ని! శాలువా లేదు, దండ లేదు, ఒక చెక్క షీల్డు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా భోజనాల దగ్గరికి నడిచాడు.

బార్బర్‌కి ఈ సన్మానం ఎందుకా అని ఇంటికొచ్చి వెతికి చదివాను. ఈ ఊళ్లోనే డాక్టర్ రోనాల్డ్ విక్టర్ బృందం 52 బార్బర్ షాపుల్లో, బీపీ ఎక్కువున్న 319 మంది నల్లజాతి మగవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. ఫార్మసిస్టులే షాపుకొచ్చి, బీపీ చూసి, మందులు రాసిచ్చారు. 6 నెలల్లో పై నంబర్ సగటున 27 పాయింట్లు తగ్గింది. బార్బర్ సలహా మాత్రమే విన్న షాపుల్లో 9. ఫలితాలు 2018లో వచ్చాయి.

హాస్పిటల్‌కే వెళ్లొచ్చుగా అంటారా? అమెరికాలోనే అలబామా రాష్ట్రంలోని టస్కీగీ అనే ఊళ్లో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతివాళ్లకు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. అది తెలిసినవాళ్లు తెల్లకోటుని అంత తేలిగ్గా ఎలా నమ్ముతారు? ఇరవై ఏళ్లుగా తాము తల అప్పగిస్తున్న బార్బర్ మాటైతే వింటారు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి బీపీ ఎంతుందని అడిగా. "బానే ఉందిలేరా" అన్నారు. ఎప్పుడు చూపించుకున్నారో మాత్రం చెప్పలేదు. కటింగ్‌కి మాత్రం నెలనెలా తప్పకుండా వెళ్తారు.