పాండవుల గుట్ట కింద గొర్ల మంద

పాండవుల గుట్టకు పోయింది రాతి బొమ్మల కోసమే. హనుమకొండ నుంచి పరకాల మీదుగా రేగొండ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వెంట వచ్చిన ఫ్రెండ్ పురావస్తు శాస్త్రం చదివినవాడు, తవ్వకాల్లో దొరికే జంతువుల ఎముకలంటే పిచ్చి. గుట్ట మీద ఎర్ర రంగుతో వేసిన అడవి జంతువులు బాగానే ఉన్నాయి కానీ, నాకు అసలు ట్రిప్ దిగిన తర్వాతే మొదలైంది.

కింద ఒక కురుమ తాత మంద తోలుకొస్తున్నాడు. "తాతా, ఇన్ని గొర్లల్ల పొట్టేళ్ళెన్ని?" అని మావాడు అడిగాడు.

"రెండే బిడ్డా. మిగతా మగపిల్లలను ఏడాది నిండకముందే అమ్ముతం, ఉంచుకుంటే మేత దండుగ. ఆడియి ఈనినన్ని రోజులు ఉంటయ్."

ఇంకేముంది, మావాడికి ఇరాన్‌లోని గంజ్ దరే గుర్తొచ్చింది. దాదాపు పదివేల ఏళ్ళ కిందటి ఊరు అది. అక్కడి మేక ఎముకలను మెలిండా జెడర్, బ్రయన్ హెస్ పరిశీలించి 2000లో రాశారు: మగవాటిలో ఎక్కువ చిన్న వయసులోనే కోసేశారు, ఆడవి పెద్దయ్యేదాకా బతికాయి. వేటగాడైతే మాంసం ఎక్కువుండే ఎదిగిన జంతువును చూసి కొడతాడు, ఇలా లెక్కవేసి కోసేది మందను పెంచేవాడే. వయసెలా తెలుస్తుందంటే, కాళ్ళ ఎముకల కొనలు ఒక్కోటి ఒక్కో వయసులో అతుక్కుంటాయి, ఇంకా అతుక్కోలేదంటే పిల్లే. మేకల్లో ఆడదాని ఎముక మగదానికంటే చిన్నది కాబట్టి కొలిస్తే ఆడదా మగదా అన్నదీ తేలుతుంది. అంతకుముందు ఎముకలు చిన్నగా ఉంటే చాలు, సాధువైన జంతువే అనేవాళ్ళట, ఆ చిన్నవి ఆడమేకలవి కూడా కావచ్చు కదా!

అలాగని సైజును పూర్తిగా కొట్టిపారేయలేం. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ అనే పాతకాలపు ఊరి తవ్వకాల్లో అడుగు పొరల్లో ఎక్కువగా అడవి జంతువుల ఎముకలే, పైకి వచ్చేకొద్దీ పశువులవి పెరుగుతాయి, వాటి సైజూ తగ్గుతూ వస్తుంది. మన మూపురం ఎద్దుల కథ ఆ వైపే మొదలైందని రిచర్డ్ మెడో లాంటివాళ్ళు ఈ ఎముకలు చూసే చెప్పారు.

తాతకు ఇవన్నీ చెబితే నవ్వి, ఒక గొర్రె మూతి తెరిచి చూపించాడు. "రెండు పండ్లేసింది, ఏడాది దాటింది." ఎముకలవాళ్ళూ పళ్ళే చూస్తారు, కాకపోతే వాళ్ళకు దవడ పళ్ళ అరుగుదల ముఖ్యం.

తిరుగు బస్సులో మావాడు ఈసారి ఉట్నూరు అన్నాడు. ఆదిలాబాద్‌ది కాదు, పాలమూరు వైపుది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విన బూడిద దిబ్బ, పశువుల దొడ్లో పేడ కాలి కాలి పేరుకున్నది, అందులో గిట్టల గుర్తులు కూడా దొరికాయి. వస్తాను కానీ ఎండాకాలంలో మాత్రం కాదని చెప్పేశాను.