కాళ్ళతో తోసిన పడవలు

ఆదివారం, రాత్రి.

పొద్దున లేచేసరికి వాన తెరిపిచ్చింది. వారం బట్టలు ఉతికి ఆరేసి, రైలెక్కి మార్స్‌డెన్‌లో దిగాను. పని మీద హడర్స్‌ఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళినప్పుడల్లా ఆ స్టేషన్ దాటుతూనే ఉంటాను. దాటాక రైలు కొండలో దూరుతుంది, సిగ్నల్ పోతుంది, కాసేపటికి మళ్ళీ వెలుతురు వస్తుంది. రెండేళ్ళుగా నాకు తెలిసిన స్టాండెడ్జ్ కొండ అంతే.

స్టేషన్ పక్కనే కాలువ. గట్టు వెంట కాస్త నడిస్తే, అదే కొండలో దూరే కాలువ సొరంగం నోరు. ఇంత చిన్నదా అనిపించింది. ఒక్క పడవ పట్టేంత వెడల్పే. లోపల మాత్రం 5 కిలోమీటర్ల పైచిలుకు, అవతల డిగిల్‌లో తేలేదాకా చీకటే. బ్రిటన్ కాలువ సొరంగాల్లో ఇంత పొడవైనది, భూమికి ఇంత లోతున పోయేది ఇంకోటి లేదు. అటూ ఇటూ కలిపి 74 లాకులు (పడవల్ని మెట్టు మెట్టుగా ఎక్కించి దించే నీటి తలుపులు), వాటి నడినెత్తిన ఈ సొరంగం.

చూడ్డానికి వచ్చినవాళ్ళను కొంత దూరం లోపలికి తీసుకెళ్ళే పడవ ఉంది. హెల్మెట్ పెట్టుకుని ఎక్కాను. కొంత మేర ఇటుక గోడ, తర్వాత ఉత్త రాయి. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ముట్టుకుంటే చల్లగా, జిడ్డుగా ఉంది. పైనుంచి ఒక చుక్క సరిగ్గా మెడ మీద పడింది.

ఈ రాయిని తుపాకిమందుతో పేల్చి, మిగిలింది చేత్తో తవ్వారు. 1794లో మొదలుపెడితే, అనుకున్నదానికంటే ఎక్కువ నీళ్ళు ఊరి పని నత్తనడక నడిచింది. ఇంజనీరు బెంజమిన్ ఔట్రమ్ 1801లో వదిలేసి వెళ్ళిపోయాడు. 1807లో థామస్ టెల్ఫర్డ్ కొత్త ప్లాన్ వేసి ఇచ్చాక, 1811లో పడవలు వెళ్ళాయి. పదిహేడేళ్ళు!

అప్పట్లో పడవల్ని గట్టు మీద నడిచే గుర్రాలు లాగేవి. ఖర్చు తగ్గుతుందని లోపల ఆ గట్టు కట్టలేదు. అందుకని గుర్రాన్ని ఇక్కడ విప్పేసి, కొండ మీదుగా అవతలికి తోలుకెళ్ళేవారు. మరి పడవ? ఇద్దరు మనుషులు వెల్లకిలా పడుకుని, చెరో గోడకి కాళ్ళు తన్నిపెట్టి, అడుగు మీద అడుగు వేస్తూ తోసేవారు. లెగ్గర్లు అనేవారు వాళ్ళని. ఖాళీ పడవైతే గంటా ఇరవై నిమిషాలు, సరుకు నిండితే మూడు గంటలు.

మధ్యలో ఉన్నట్టుండి చెంపకి గాలి కొట్టింది. పక్క సొరంగంలో రైలు పోతోందని పడవాయన చెప్పాడు. 1840ల్లో రైలు కంపెనీ ఈ కాలువను కొనేసి, పక్కనే రైలు సొరంగం తవ్వింది. రెంటికీ మధ్య అడ్డదారులు కొట్టి, తవ్విన రాళ్ళను కాలువ పడవల్లోనే బయటికి చేరవేసింది. అందుకే 1848కల్లా పని అయిపోయింది. తన మీద దెబ్బ కొట్టబోయే రైలుకి కాలువే రాళ్ళు మోసిందంటే మనసు చివుక్కుమంది. తర్వాత 1871లో ఇంకో రైలు సొరంగం, 1894లో మరొకటి. ఇప్పుడు రైళ్ళు తిరిగేది ఈ చివరిదాంట్లోనే. ఆ అడ్డదారుల్లోంచే గాలి ఇటు వస్తుందట. నేను కూర్చున్న రైళ్ళు ఎన్నిసార్లు ఇక్కడివాళ్ళ చెంపలకి గాలి కొట్టాయో!

1944లో కాలువ మూతపడింది. 1974లో కొందరు సంఘం పెట్టి పట్టు వదలకుండా తిరిగితే, 2001లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు సొంత పడవ ఉన్నవాళ్ళు ముందే బుక్ చేసుకోవాలి. తోడుగా దారి తెలిసిన మనిషి ఎక్కుతాడు. ఇంజన్ మీద దాదాపు రెండు గంటలు. ఎప్పటికైనా ఆ పూర్తి ప్రయాణం చెయ్యాలని ఉంది.

ఇంటికొచ్చాక మంచం మీద వెల్లకిలా పడుకుని గోడకి కాళ్ళు తన్నిపెట్టి చూశాను, ఒక్కో అడుగూ పక్కకి వేస్తూ. రెండు నిమిషాలకే తొడలు పట్టేశాయి. గోడ మీద తడి సాక్సుల అచ్చులు పడ్డాయి, వరసగా ఆరు. పొద్దున తుడవాలి.