పుచ్చుగా మారకముందే దొరికిన తెల్ల మచ్చలు

రెండేళ్ళపాటు పెట్టుకున్న పళ్ళ క్లిప్పులు నిరుడు ఫిబ్రవరిలో తీయించుకుని, కుదురుకున్న పలువరుసను చూసుకుందామని అద్దం అందుకున్నాను. ముందుగా కంటపడినవి మాత్రం పైపళ్ళలో నాలుగింటి మీద, చిగుళ్ళను ఆనుకుని, సుద్దతో గీసినట్లున్న తెల్లని మచ్చలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చూపించుకునే దంతవైద్యురాలు ఐదారు సెకన్లు గాలి కొట్టి పళ్ళను ఆరబెట్టగానే, తడిలో కనపడని ఐదో మచ్చ కూడా బయటపడింది. ఆరితేనే కనపడే మచ్చ తొలిదశదనీ, తడి మీద కూడా కనపడేది అంతకన్నా లోతుకు దిగినదనీ ఆమె వివరించారు. మొన గుండ్రంగా ఉన్న పరికరాన్ని మచ్చల మీద మెల్లగా జరిపి, గరుకుగా ఉన్నా పైపొర ఎక్కడా విరగలేదు కాబట్టి డ్రిల్లింగ్ అక్కర్లేదన్నారు. సూదిమొనతో గుచ్చితే మిగిలిన ఆ పైపొర కూడా కూలిపోయే ప్రమాదం ఉందట.

పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అది తగ్గిన చోటే ఇలాంటి తెల్ల మచ్చ పడుతుంది. పంటి మీది పాచిలో ఉండే బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చినప్పుడు, అక్కడి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కన్నా తగ్గితే కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. ఆ తర్వాత లాలాజలం ఆమ్లాన్ని విరిచి వాటిని తిరిగి చేరుస్తుంది. నా నోటిలో ఆ రెండో పని జరగడానికి వ్యవధే దొరకలేదని, ఆమె అడిగినట్లు నాలుగు రోజులు తిన్నవీ తాగినవీ కాగితం మీద రాసుకున్నాక అర్థమైంది. మాదాపూర్ ఆఫీసులో రోజుకు ఆరు టీలు, ఒక్కొక్కటీ అరగంట సేపు చప్పరిస్తూ, మధ్యలో ఉస్మానియా బిస్కట్లు. "పంచదార ఎంత పడిందన్న దానికన్నా ఎన్నిసార్లు పడిందన్నది ముఖ్యమమ్మా" అన్నారామె.

ఖనిజం తిరిగి చేరడానికి పళ్ళ మీద పూసే మందు, ఫ్లోరైడ్ వార్నిష్ వేస్తాననగానే నేను వెనకాడాను. మా అమ్మమ్మ ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళకు కాళ్ళు వంకర్లు పోయిన మనుషులను చిన్నప్పటినుంచీ చూసినదాన్ని. ఆ భయాన్ని ఆమె తేలిగ్గా తీసేయలేదు. అక్కడ ఏళ్ళ తరబడి తాగిన నీటితో ఫ్లోరైడ్ ఎముకల్లోకి చేరిందనీ, ఇక్కడ కొద్ది చుక్కలను మూణ్ణెల్లకొకసారి పంటి పైభాగానికే పూస్తామనీ ఓపికగా చెప్పారు. ఫ్లోరైడ్ సమక్షంలో తిరిగి చేరే ఖనిజం మునుపటికన్నా ఆమ్లానికి బాగా తట్టుకుంటుందట. మాలాంటి కుటుంబాలవాళ్ళకు ఈ తేడాను ఎవరో ఒకరు ఇలా విడమరచి చెప్పడం ఎంతో అవసరమని నా నమ్మకం.

వార్నిష్ వేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న, పసుపుపచ్చని బంక లాంటి ఆ మందును చిన్న బ్రష్‌తో పూశారు. నాలుకకు పళ్ళన్నీ జిగటగా తగిలాయి. ఆ రోజంతా వేడివీ గట్టివీ మానేసి, రాత్రి బ్రష్ కూడా చేసుకోలేదు. మర్నాటినుంచి ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోముకుని, ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేయడం, రాత్రి పడుకోబోయే ముందు పంటికి కాల్షియం, ఫాస్ఫేట్ అందించే సీపీపీ-ఏసీపీ అనే క్రీమును వేలితో మచ్చల మీద రాయడం అలవాటు చేసుకున్నాను. ఈ క్రీము పాలలోని కేసీన్‌తో తయారవుతుంది కాబట్టి పాల ప్రోటీను పడనివాళ్ళు వాడకూడదు.

అన్నిటికన్నా కష్టమైనది టీ. ఆరింటిని రెండుకు తగ్గించి, వాటినీ భోజనం వెంటనే పది నిమిషాల్లో తాగేసి, మిగతా వేళల్లో మంచినీళ్ళతో సరిపెట్టుకోవడానికి నాకు నెలన్నర పట్టింది.

ఆగస్టులో మళ్ళీ గాలి కొట్టి చూసినప్పుడు, ఐదో మచ్చ కనపడలేదు. రెండు మచ్చలు అంచులనుంచి కుంచించుకుపోయాయి. మిగతా రెండూ తెల్లగానే ఉన్నాయి గానీ, పరికరం వాటి మీద నున్నగా జారింది. మెరుపు కూడా వచ్చింది. పైపొర గట్టిపడి లోపలి తెలుపు అలాగే ఉండిపోవడం మామూలేననీ, చూపుకు ఇబ్బందిగా ఉంటే మచ్చలోకి రెసిన్ అనే పలచని ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని ఇంకించే పద్ధతి ఉందనీ ఆమె చెప్పారు. అది నాకు అవసరమనిపించలేదు. మూడో విడత వార్నిష్ వేయించుకుని ఇంటికి వచ్చాను.